గుమ్మఘట్ట నుంచి చూస్తే దుర్గాబాయమ్మ

ఢిల్లీ మెట్రోలో పింక్ లైన్ ఎక్కితే దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని ఒక స్టేషన్ వస్తుంది. మన సీనియర్లలో ఇంటర్న్‌షిప్‌కో, గేట్ కోచింగ్‌కో అక్కడికి వెళ్ళినవాళ్ళు ఆ స్టేషన్ దాటే ఉంటారు. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వైపు వెళ్తే అదే పేరుతో ఒక ఆస్పత్రి ఉంది. గ్రూప్స్‌కి చదివేవాళ్ళకైతే ఆమె ఒక బిట్ ప్రశ్న. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు ఎవరు అని అడుగుతారు, టిక్కు పెట్టేసి ముందుకు పోతాం.

నాది గుమ్మఘట్ట మండలం. రాయదుర్గం దాటి వస్తే మా ఊళ్ళు. ఎక్కడ అని ఎవరన్నా అడిగితే భైరవానితిప్ప డ్యామ్ దగ్గర అని చెప్పుకుంటాం. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు. అంతకు మించి మా మండలం గురించి పేపర్లో పెద్దగా రాదు. మరి ఎక్కడో గోదావరి ఒడ్డున పుట్టి, మద్రాసులో చదివి, ఢిల్లీలో పనిచేసిన దుర్గాబాయమ్మకీ, మా ఎర్ర నేలకీ ఏంటి సంబంధం? ఆమె జీవితం చదువుతున్నంతసేపూ నాకు ఇదే ప్రశ్న. చదవడం అయిపోయాక మాత్రం సంబంధం చాలా దగ్గరిదే అనిపించింది. ఆ కథ మీతో పంచుకుందామనే ఇది రాస్తున్నా.

ఎనిమిదేళ్ళకి పెళ్ళి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. పెరిగింది కాకినాడలో. తండ్రికి సంఘసేవ అంటే ఇష్టం. ఊళ్ళో కలరా లాంటి జబ్బులు వస్తే భయపడి ఇంట్లో కూర్చునే రకం కాదు. అలాంటి ఇంట్లో కూడా ఆ కాలపు ఆచారం ఆగలేదు. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లకి సుబ్బారావు అనే అతనితో పెళ్ళి చేసేశారు. పెళ్ళంటే ఏంటో తెలియని వయసు.

ఇక్కడిదాకా ఇది ఆ రోజుల్లో లక్షల మంది ఆడపిల్లల కథే. మలుపు ఆ తర్వాత వచ్చింది. పెద్దమనిషి అయ్యాక కాపురానికి పంపించే సమయంలో దుర్గాబాయి వెళ్ళనని చెప్పింది. నాకు చదువుకోవాలని ఉంది, ఈ సంసారం నా వల్ల కాదు అన్న అర్థంలో ఆ మాట ఇంట్లో నేరుగా చెప్పేసింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్కన నిలబడ్డారు. సుబ్బారావుతో గొడవలేమీ పెట్టుకోకుండానే ఆ బంధం నుంచి బయటికి వచ్చింది.

దీన్ని చదివి మామూలుగా దాటేయకండి. 1920ల్లో ఒక ఆడపిల్ల కాపురానికి పోను అంటే ఏమయ్యేదో మనకి తెలుసు. ఇప్పటికీ మన ఊళ్ళల్లో ఏమవుతోందో ఇంకా బాగా తెలుసు. పుట్టింటికి తిరిగొచ్చిన పిల్లని నాలుగు రోజులు ఉంచుకుని, సర్దుకుపోవాలమ్మా అని నచ్చజెప్పి మళ్ళీ అదే ఇంటికి బస్సెక్కిస్తారు. దుర్గాబాయికి తెలివి, ధైర్యం రెండూ ఉన్నాయి, నిజమే. కానీ ఆమె వద్దు అన్నప్పుడు తిరిగి రావడానికి ఒక ఇల్లు కూడా ఉంది. అది లేకపోతే ఆ తెలివీ, ఆ ధైర్యమూ మనదాకా వచ్చేవి కావు. తర్వాతి అరవై ఏళ్ళు ఆమె చేసిన పనంతా చూస్తే, తనకి దొరికిన ఆ చోటుని మిగతా ఆడవాళ్ళకి కూడా దొరికేలా చేయడమే అని నాకు అనిపిస్తుంది.

కాకినాడలో ఆ ఐదు వేలు

సహాయ నిరాకరణ రోజుల్లో, బళ్ళో ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారని ఆ పిల్ల చదువు మానేసింది. మానేసి ఊరుకోలేదు. హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకి, ఆడవాళ్ళకి హిందీ చెప్పే చిన్న బడి మొదలుపెట్టింది. టీచర్ వయసు పన్నెండు అటూ ఇటూ. విద్యార్థుల్లో తనకంటే పెద్దవాళ్ళు చాలామంది.

1921 ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊరంతా సభ ఏర్పాట్లలో ఉంటే దుర్గాబాయికి వేరే ఆలోచన వచ్చింది. ఊళ్ళో ఉన్న దేవదాసీలు, బురఖా వేసుకునే ముస్లిం ఆడవాళ్ళు మామూలు సభకి రాలేరు. వాళ్ళని ఎవరూ పిలవరు కూడా. వాళ్ళతో గాంధీ విడిగా మాట్లాడాలి అని ఆ పిల్ల పట్టుబట్టింది. అక్కడి నాయకులు వదిలించుకోవడానికి అన్నట్టు ఒక షరతు పెట్టారు. 5,000 రూపాయల విరాళం తెస్తే గాంధీ కొన్ని నిమిషాలు వస్తారని చెప్పారు. ఆ రోజుల్లో 5,000 అంటే చిన్న మొత్తం కాదు. దేవదాసీలు తామే ఆ డబ్బు పోగుచేస్తామని ముందుకొచ్చారు, పోగుచేశారు కూడా. గాంధీ వచ్చారు. అనుకున్న నిమిషాల కంటే చాలా ఎక్కువసేపు ఉన్నారు. ఆడవాళ్ళు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. దుర్గాబాయి తన చేతి బంగారు గాజులు ఇచ్చేసింది. గాంధీ హిందీ మాటల్ని తెలుగులో చెప్పింది కూడా ఆ పిల్లే. ఆమె అనువాదం నచ్చి, తర్వాత జరిగిన పెద్ద సభలో కూడా ఆమె చేతే చెప్పించారు.

ఈ సంఘటనని సాధారణంగా గాంధీ భక్తి కథగా చెప్తారు. మా రాయదుర్గం వైపు నుంచి చూస్తే నాకు వేరేగా కనపడింది. మా తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఆడపిల్లని దేవుడికి వదిలే బసివి ఆచారం గురించి బ్రిటిష్ కాలంలోనే రాశారు. బసివి అయిన పిల్లకి పెళ్ళి ఉండదు, మొగుడు అని అడిగేవాడు ఉండడు, ఆమె మీద చెయ్యి వేసేవాళ్ళకి మాత్రం కొదవ ఉండదు. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ వ్యవస్థ మీద చట్టం వచ్చింది. అది సరిపోక ఆంధ్రప్రదేశ్‌లో 1988లో ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. అందులో బసివి, జోగిని, మాతమ్మ అన్న పేర్లు విడివిడిగా రాశారు. ఆచారం ఒకటే, ఊరు మారితే పేరు మారుతుంది, చట్టానికి ఆ పేర్లన్నీ తెలియాలి కదా.

చట్టాల కంటే ముందు, అసలు ఈ ఆడవాళ్ళు కూడా సభలో కూర్చోవాల్సిన మనుషులే అన్న సంగతి ఒక పన్నెండేళ్ళు నిండని పిల్లకి తట్టింది. వాళ్ళని జాలిగా చూడలేదు. డబ్బు పోగుచేసే పని వాళ్ళ చేతుల్లోనే పెట్టింది. ఇవాళ ఎన్జీవో భాషలో కమ్యూనిటీ భాగస్వామ్యం అని పెద్ద పేరు పెట్టి చెప్పేది ఇదే.

టికెట్ లేని నెహ్రూ, చదువు లేని ఖైదీలు

1923 డిసెంబర్‌లో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి వాలంటీర్. టికెట్ లేనిదే ఎవర్నీ లోపలికి పంపొద్దని ఆమెకి చెప్పారు. నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్ లేదు, ఆమె ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చాకే పంపింది. ఫెస్ట్‌లో గేటు డ్యూటీ చేసినవాళ్ళకి ఈ కథ బాగా అర్థమవుతుంది. పెద్దవాళ్ళకో రూలు, చిన్నవాళ్ళకో రూలు ఉండకూడదన్న పట్టుదల ఆమెలో చివరిదాకా పోలేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహం. మద్రాసులో ప్రకాశం పంతులు లాంటి నాయకులతో కలిసి పనిచేసి, వాళ్ళు అరెస్టయ్యాక ఉద్యమాన్ని ముందుండి నడిపిన వాళ్ళలో ఆమె ఒకరు. 1930 నుంచి 1933 లోపు మూడుసార్లు జైలుకి పోయారు. వెల్లూరు జైలు, తర్వాత మధుర జైలు. మధురలో ఒంటరి సెల్‌లో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

ఆమె దారి మారింది మాత్రం జైల్లో తోటి ఆడవాళ్ళని చూశాక. అక్కడ రాజకీయ ఖైదీలే కాదు, హత్య లాంటి కేసుల్లో యావజ్జీవం పడిన మామూలు ఆడవాళ్ళు కూడా ఉన్నారు. చదువు లేదు, కోర్టులో ఏం మాట్లాడారో తెలియదు, తమ తరఫున చెప్పేవాడు లేడు. కొందరికి తమ మీద ఉన్న కేసు ఏంటో కూడా సరిగ్గా తెలియదు. ఇంట్లో ఏళ్ళ తరబడి ఏం జరిగిందో ఎవరూ అడగలేదు, చివరి రోజు జరిగింది మాత్రమే కోర్టుకి చేరింది. వీళ్ళని చూశాక దుర్గాబాయి ఒక నిర్ణయానికి వచ్చారు. ఉపన్యాసాలతో ఈ పని అవ్వదు, తను చదవాలి, అందులోనూ లా చదవాలి.

ఇరవై దాటాక మెట్రిక్

ఇక్కడ నుంచి ఆమె కథ మన లాంటి స్టూడెంట్లకి బాగా దగ్గరవుతుంది. పన్నెండేళ్ళప్పుడు ఆపేసిన చదువు, ఇరవై దాటాక, మూడుసార్లు జైలుకి వెళ్ళొచ్చాక మళ్ళీ మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ హిందీ చెప్పిన ఆమె ఇప్పుడు ఇంగ్లీషు మొదటి నుంచి నేర్చుకోవాలి. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. తర్వాత డిగ్రీకి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి వెళ్ళారు.

అక్కడ వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. సీటు ఇవ్వడానికి అభ్యంతరం ఒక్కటే, ఆడపిల్లలకి హాస్టల్ లేదు. హాస్టల్ లేక ఆడపిల్లలు రారు, ఆడపిల్లలు లేరని హాస్టల్ పెట్టరు. ఈ లూపులో ఎన్ని చదువులు ఆగిపోయాయో. దుర్గాబాయి పేపర్లో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలని ఉండి హాస్టల్ లేక ఆగిపోయిన పిల్లల్ని తనే వెతికి పట్టుకున్నారు. కొంతమంది పోగయ్యారు. అందరూ కలిసి హాస్టల్ మొదలుపెట్టారు. సీటు వచ్చింది. పొలిటికల్ సైన్స్ ఆనర్స్ చదివారు. తర్వాత మద్రాసులో లా చదివి, 1942లో పట్టా తీసుకుని, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

మా మండలంలో టెన్త్ అయ్యాక ఆడపిల్ల చదువు ఆగిపోవడానికి కారణాలు అడిగితే చాలామంది మార్కుల గురించి చెప్పరు. బస్సు టైముకి రాదు, చీకటి పడుతుంది, హాస్టల్లో సీటు రాలేదు, రోజులు బాగా లేవు అంటారు. ఆ తర్వాత సంవత్సరమో, రెండేళ్ళకో పెళ్ళి పిలుపు వస్తుంది. బాల్య వివాహాన్ని ఆపే పోస్టర్ ఎంత పెద్దది అంటించినా, ఆ ఊరి నుంచి కాలేజీకి సాయంత్రం ఒక బస్సు ఉంటే అది ఆ పోస్టర్ కంటే ఎక్కువ పని చేస్తుంది. దుర్గాబాయమ్మకి ఈ లెక్క వాల్తేరులోనే అర్థమైపోయింది.

ఆంధ్ర మహిళా సభ

1937లో, ఇంకా తనే స్టూడెంటుగా ఉన్నప్పుడే, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మొదలు చాలా చిన్నది. పిల్లల ఆటపాటలు, ఆడవాళ్ళకి హిందీ, కుట్టుపని, మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ళకి బనారస్ మెట్రిక్ పరీక్షకి కోచింగ్. అందులో చేరినవాళ్ళు ఎవరని చూస్తే, చిన్నప్పుడే పెళ్ళయి మొగుడు పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, తామే వదిలేసి వచ్చినవాళ్ళు. ఇళ్ళల్లో తిండికి లెక్క చెప్పాల్సి వచ్చే ఆడవాళ్ళు. తన మెట్రిక్ పుస్తకాలు తను ఎలా చదివిందో అలాగే వాళ్ళ చేత చదివించింది ఆ సభ.

తక్కువ కాలంలో ఎక్కువ క్లాసులు పూర్తి చేయించే ఈ పద్ధతి ఆమె ప్రత్యేకత. పాతికేళ్ళ ఆవిడని ఆరో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి ఏడాదికో క్లాసు చెప్తే ఆమె ఎప్పటికి బయటపడుతుంది? పెద్దవాళ్ళ బుర్రకి తగ్గట్టు, రెండేళ్ళలో పరీక్షకి తయారుచేయాలి. తర్వాత దీన్నే కేంద్ర ప్రభుత్వం 1958లో కండెన్స్‌డ్ కోర్సుల పేరుతో దేశమంతా పెట్టింది. అలా చదివి టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అయినవాళ్ళు ఎందరో.

సభతో పాటు ఆంధ్ర మహిళ అనే పత్రిక నడిపారు. ఆస్పత్రి, నర్సుల శిక్షణ, టీచర్ల శిక్షణ, చేతిపనులు అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తర్వాత సభ హైదరాబాద్‌కి కూడా వచ్చి, కాలేజీలు, ఆస్పత్రి పెట్టింది. చందాలు అడగడంలో ఆమెకి మొహమాటం లేదు. కాకినాడ దేవదాసీల దగ్గర నేర్చుకున్న విద్య అది.

సుబ్బారావు గారి సంగతి ఏమైందని మీకు డౌట్ రావచ్చు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. 1941లో చనిపోయారు. ఆయన భార్య ఒంటరిదైపోతే దుర్గాబాయి ఆమెని ఆదుకుని, ఏదో ఒక పని నేర్చుకునే ఏర్పాటు చేశారు. కొన్నాళ్ళు తన ఇంట్లోనే ఉంచుకున్నారు. తను కాదనుకున్న ఇంట్లోకి వెళ్ళిన ఇంకో ఆడమనిషి మీద ఆమెకి ఏ కోపమూ లేదు. ఇద్దరిదీ ఒకే కష్టం అని ఆమెకి తెలుసు.

ఢిల్లీలో

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకి ఎన్నికయ్యారు. ఆ సభలో ఆడవాళ్ళు పదిహేను మంది. సభని నడిపే చైర్మన్ల ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. బోలెడన్ని సవరణలు పెట్టారు. రాజ్యసభకి పోటీ చేసే వయసు 35 అని ఉంటే 30కి తగ్గించాలని వాదించారు, అదే ఇవాళ రాజ్యాంగంలో ఉంది. ఆడవాళ్ళకి ఆస్తిలో హక్కు ఉండాలని గట్టిగా మాట్లాడారు.

1952లో మొదటి సాధారణ ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. రాజ్యాంగం రాసిన మనిషిని జనం గెలిపించలేదు. అప్పుడామె లా ప్రాక్టీసుకి వెళ్ళిపోవచ్చు. నెహ్రూ ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా వేశారు. సాంఘిక సంక్షేమం ఆమెకి అప్పగించారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి, రిజర్వ్ బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నర్ అయిన చింతామణి దేశ్‌ముఖ్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఎనిమిదేళ్ళప్పుడు ఎవరో చేసిన పెళ్ళి ఒకటి, నలభై మూడేళ్ళప్పుడు తను ఎంచుకున్న పెళ్ళి ఒకటి. నెహ్రూ సాక్షి సంతకం పెట్టారు. టికెట్ అడిగిన పిల్ల పెళ్ళికి ఆయనే సాక్షి.

అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదలైంది. ఆమె మొదటి అధ్యక్షురాలు. ఆలోచన సింపుల్. ఊళ్ళల్లో, చిన్న పట్నాల్లో ఆడవాళ్ళ కోసం ఇప్పటికే ఎవరో ఒకరు పనిచేస్తుంటారు, వాళ్ళ దగ్గర డబ్బు ఉండదు. ప్రభుత్వం దగ్గర డబ్బు ఉంటుంది, ఊళ్ళో మనిషి ఉండదు. ఈ రెండింటినీ కలపాలి. 1954లో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలయ్యాయి. కొన్ని ఊళ్ళు కలిపి ఒక ప్రాజెక్టు. పిల్లలకి బాలవాడి, కాన్పులకి మంత్రసాని సాయం, ఆడవాళ్ళకి చదువు, కుట్టుపని, ఇవన్నీ చూసుకోవడానికి గ్రామసేవిక.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ రోజే రాయదుర్గం తాలూకా బళ్ళారిని వదిలి అనంతపురం జిల్లాలోకి వచ్చింది. అంటే మా ఊళ్ళు ఆంధ్రలోకి రావడం, బోర్డు పుట్టడం రెండు నెలల తేడాతో జరిగాయి. ఒక చిన్న గదిలో పిల్లల్ని పోగుచేసి, వాళ్ళ తల్లులతో మాట్లాడే ఒక ఆడమనిషి ఉండాలన్న ఆలోచన, 1975లో ఐసీడీఎస్ వచ్చాక, అంగన్‌వాడీ అయింది. ఇవాళ మా మండలంలో అంగన్‌వాడీ టీచర్ లేని ఊరిని ఊహించుకోలేం. ఏ ఇంట్లో ఏ పిల్లకి చిన్న వయసులో సంబంధం చూస్తున్నారో, ఏ ఇంట్లో రాత్రి అరుపులు వినపడుతున్నాయో ముందు తెలిసేది ఆమెకే.

కోర్టుకి భయపడకుండా

1953లో ఆమె చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలని చూశారు. భార్యాభర్తల తగాదాలు, మనోవర్తి, పిల్లల సంగతులు మామూలు సివిల్ కోర్టులో భూమి తగాదాల మధ్య ఏళ్ళ తరబడి నలగకూడదు, వాటికి వేరే కోర్టు, వేరే పద్ధతి ఉండాలని తిరిగొచ్చాక చెప్పారు. నెహ్రూతో, పెద్ద పెద్ద జడ్జీలతో చర్చించారు. ఈ ఆలోచన చట్టం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

దెబ్బలు తిన్న ఆడమనిషి మా పక్క మొదట పోయేది రచ్చకట్ట దగ్గరికే. అక్కడ కూర్చునేది మగవాళ్ళు, మాట్లాడేది మగవాళ్ళు, తీర్పు చెప్పేది మగవాళ్ళు. ఆమె ఒక పక్కన కొంగు కప్పుకుని నిలబడి ఉంటుంది. అది వద్దనుకుంటే పోలీస్ స్టేషన్, కోర్టు. ఈ రెండింటి మధ్యలో ఆమె భయపడకుండా నోరు తెరిచే గది ఒకటి కావాలి. వెల్లూరు జైల్లో దుర్గాబాయి చూసిన ఆడవాళ్ళకి దొరకనిది అదే. 1980ల్లో ఆమె పెట్టిన బోర్డే కుటుంబ సలహా కేంద్రాలకి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది.

చివరి రోజులు

1958లో మహిళా విద్య మీద వేసిన జాతీయ కమిటీకి ఆమె అధ్యక్షురాలు. ఆడపిల్లల చదువుని మామూలు చదువులో ఒక భాగంగా వదిలేస్తే ఎప్పటికీ వెనకే ఉండిపోతుంది, దానికి ప్రత్యేకంగా డబ్బు, మనుషులు, లెక్క ఉండాలని ఆ కమిటీ చెప్పింది. 1962లో ఢిల్లీలో కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ పెట్టారు. చూపు లేనివాళ్ళ కోసం కూడా పనిచేశారు. 1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఏడాదిన్నర తిరక్కుండా దేశ్‌ముఖ్ గారూ పోయారు.

ఆమె పనిలో అన్నీ బాగున్నాయని నేను చెప్పను. బోర్డు కమిటీల్లో ఎక్కువగా పట్నాల్లో చదువుకున్న పై కులాల ఆడవాళ్ళే ఉండేవారని, పల్లె ఆడవాళ్ళని సాయం అందుకునేవాళ్ళుగానే చూశారని తర్వాతి తరం మహిళా ఉద్యమాలు విమర్శించాయి. అందులో నిజం ఉంది. ఇంట్లో కొట్టడాన్ని హింస అని పేరు పెట్టి పిలవడం కూడా ఆమె తరంలో తక్కువ. క్రిమినల్ చట్టంలో 498ఎ సెక్షన్ వచ్చింది 1983లో. గృహహింస చట్టం 2005లో వచ్చింది. ఆ చట్టాల కోసం వీధుల్లోకి వచ్చింది వేరే తరం. ఆమె పెట్టిన బోర్డుని కూడా 2023లో మూసేశారు.

అయినా ఒక విషయంలో ఆమె లెక్క తప్పలేదు. హింస తగ్గాలంటే దెబ్బ పడ్డాక కేసు పెట్టడం ఒక్కటే చాలదు. ఆ ఇంటి నుంచి బయటికి వచ్చే ఆడమనిషికి రేపు పొద్దున ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, పిల్లల్ని ఎక్కడ వదలాలి అన్న మూడింటికి జవాబు ఉండాలి. హాస్టల్, రెండేళ్ళ కోర్సు, కుట్టుపని, బాలవాడి, ఫ్యామిలీ కోర్టు అన్నీ ఆ మూడింటికే జవాబులు. చట్టం మనకి హక్కు ఉందని చెప్తుంది. ఆ హక్కు పట్టుకుని నిలబడటానికి చోటు ఎవరో ఒకరు కట్టాలి.

మన జిల్లాలో ఆ పని ఆగిపోలేదు. 1969లో మొదలైన ఆర్డీటీ పల్లెల్లో ఆడవాళ్ళ సంఘాలతో పనిచేస్తోంది. పొదుపు సంఘాలు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. 181 నంబర్‌కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్ పలుకుతుంది. 1098కి చేస్తే బాల్య వివాహం గురించి చెప్పొచ్చు. సఖి కేంద్రం జిల్లా కేంద్రంలో ఉంటుంది. కానీ గుమ్మఘట్ట మండలంలో ఒక మారుమూల ఊళ్ళో రాత్రి తొమ్మిదింటికి ఇంట్లోంచి గెంటేసిన ఆడమనిషికి జిల్లా కేంద్రం చాలా దూరం. చేతిలో ఫోన్ మొగుడిది అయితే 181 కూడా దూరమే.

మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం. ఎక్కడ లింకు తెగిందో చూడటం మనకి నేర్పిస్తున్న విద్య. దుర్గాబాయమ్మ చేసింది కూడా అదే, ఆమెకి ఆ పేరు తెలియదు అంతే. హాస్టల్ లేదంటే ప్రకటన ఇచ్చి పిల్లల్ని వెతికింది. చదువు ఎక్కువ ఏళ్ళు పడుతుందంటే రెండేళ్ళకి కుదించింది. కోర్టు అంటే భయం అంటే భయం లేని కోర్టు అడిగింది. మన ఊళ్ళల్లో టెన్త్ రాసిన ఆడపిల్లలు ఈ జూన్‌లో ఎంతమంది ఇంటర్‌లో చేరారు, చేరనివాళ్ళు ఎందుకు చేరలేదు అని లెక్క తీయడానికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. సెలవులకి ఇంటికి పోయినప్పుడు అంగన్‌వాడీ టీచరమ్మని అడిగితే చాలు, పేర్లతో సహా చెప్తుంది.